మార్చురీ గేటు బయట డ్యూటీ ఎవరిది?

సంపాదకులు గారికి నమస్కారం.

పెద్ద ప్రమాదం జరిగితే మొదటి గంటలో ఎవరేం చేయాలో మన హైదరాబాద్ నగరానికి తెలుసు. ఫైరింజన్లు వస్తాయి, విపత్తు సహాయక సంస్థ హైడ్రా సిబ్బంది దిగుతారు, 108లు బారులు తీరతాయి. మంటలు ఆరి, శిథిలాలు తొలగించాక ఇంకో పని మొదలవుతుంది. ఏ మృతదేహం ఎవరిదో తేల్చాలి. తేలేదాకా ఇంటివాళ్లను కనిపెట్టుకుని ఉండాలి. తేలాక దేహాన్ని ఊరికి చేర్చి, కావలసిన కాగితాలన్నీ వాళ్ల చేతిలో పెట్టాలి. ఈ పని మొత్తానికి బాధ్యుడంటూ మన దగ్గర ఎవరూ లేరు. పంచనామా పోలీసులది, పోస్టుమార్టం ఫోరెన్సిక్ డాక్టర్లది, డీఎన్ఏ ల్యాబుది, చెక్కు రెవెన్యూది, డెత్ సర్టిఫికెట్ మున్సిపాలిటీది. ఎవరి పని వాళ్లు చేస్తారు, చాలాసార్లు బాగానే చేస్తారు. ఈ ఆఫీసుల మధ్య తిరగాల్సింది మాత్రం ఏడుస్తున్న కుటుంబమే.

కుటుంబానికి ఒకరు చొప్పున, మొదటి రోజు నుంచి చివరి కాగితం దాకా వెంట ఉండే శిక్షణ పొందిన సహాయకుల బృందం హైదరాబాద్‌కు శాశ్వతంగా కావాలని అడగడానికే ఈ ఉత్తరం. ప్రమాదం జరిగాక ఆ పూటకు వేసే హెల్ప్‌డెస్క్ గురించి కాదు మేమడిగేది. టేబులు, బ్యానరు, రెండు ఫోన్ నెంబర్లు ఎప్పుడూ ఉంటూనే ఉన్నాయి.

మన చుట్టూ జరిగినవే చూడండి. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయినప్పుడు ముఖాలు చూసి గుర్తుపట్టే వీలే లేకపోయింది, డీఎన్ఏ మీదే ఆధారపడ్డారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో చనిపోయిన 17 మందీ బంధువులే. అదే ఏడాది జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో పోయినవాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు, 8 మంది ఆనవాలే దొరకలేదు. అక్టోబరు 24న కర్నూలు దగ్గర హైదరాబాద్-బెంగళూరు బస్సు కాలింది. నవంబరులో సౌదీలో మదీనా దారిలో బస్సు ప్రమాదంలో 45 మంది యాత్రికులు చనిపోయారు, ఎక్కువమంది ఈ నగరం వాళ్లే, ఖననమూ అక్కడే జరిగింది. ఒకచోట నమూనా ఇచ్చే రక్తసంబంధీకులు వందల కిలోమీటర్ల దూరంలో, ఇంకోచోట దేహాలే పరాయి దేశంలో. ఏ రెండింటికీ ఒకే పద్ధతి సరిపోదు. అందుకే అనుభవం ఒకచోట పోగుపడాలి.

మొదట గుర్తింపు సంగతి. ‘మా వాడే’ అని ఇంటివాళ్లు అనగానే దేహం అప్పగించేయడం మనకు అలవాటు. కాలిన ముఖం ముడుచుకుపోతుంది, నీట నానిన ముఖం ఉబ్బిపోతుంది. మూడు రోజులుగా నిద్రలేని తండ్రి, ఏదో ఒక దేహం దొరికితే చాలన్న స్థితిలో, తలూపేస్తాడు. 2023 జూన్‌లో ఒడిశా బాలాసోర్ రైలు ప్రమాదం తర్వాత ఒకే దేహం మాదంటే మాదని రెండు కుటుంబాలు వచ్చిన సందర్భాలున్నాయి. చివరికి ఎవరూ రాని 28 దేహాలకు అక్టోబరులో భువనేశ్వర్‌లో మున్సిపల్ అధికారులే దహనం చేయించారు. ఒక తప్పు అప్పగింత అంటే రెండు కుటుంబాలకు దెబ్బ. మొదటివాళ్లు వేరొకరికి కొరివి పెడతారు, రెండోవాళ్లకు వెతకడానికి దేహమే మిగలదు.

అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ పద్ధతిలో ప్రధానమైన ఆధారాలు మూడు: వేలిముద్రలు, పళ్లు, డీఎన్ఏ. ఒంట్లో అమర్చిన ప్లేటు, పేస్‌మేకర్ లాంటివాటి సీరియల్ నెంబరు కూడా అంతే బలమైనది. బట్టలు, నగలు, పచ్చబొట్టు, పుట్టుమచ్చ తోడు సాక్ష్యాలు మాత్రమే. చొక్కాలు అన్నదమ్ములు మార్చుకుంటారు, జేబులో పర్సు పక్కవాడిది కావచ్చు. బతికి ఉన్నప్పటి వివరాలు పసుపు ఫారంలో, దేహం మీద కనిపించినవి గులాబీ ఫారంలో రాస్తారు. రాసేవాళ్లు వేరు, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు వేరు. దేహం చూసినవాడే ఇంటివాళ్లతో మాట్లాడితే తెలియకుండానే తనకు కావలసిన జవాబు రాబడతాడు.

ఈ పసుపు ఫారం నింపడం దగ్గరే నిజమైన నైపుణ్యం ఉంది, మన దగ్గర అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే. గేటు దగ్గర నిలబడి, పది మంది చుట్టూ మూగి ఉండగా, ‘ఎత్తెంత, రంగేంటి, ఏ డ్రెస్’ అని అడిగితే వచ్చేది చామనఛాయ, నీలం చొక్కా. అలాంటివాళ్లు ముప్ఫై మంది ఉంటారు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, గంట నుంచి గంటన్నర తీసుకోవాలి. ఎప్పుడైనా ఎముక విరిగిందా, ఏ ఆస్పత్రిలో ప్లేటు వేశారు, ఆ ఎక్స్‌రే ఇంట్లో ఉందా? ముందు పళ్ల మధ్య సందుందా, ఏ పన్నయినా పీకించారా, క్యాప్ వేయించారా? అపెండిక్స్ కోసిన మచ్చ, సిజేరియన్ మచ్చ ఉన్నాయా? మెట్టెలు ఎన్ని వేళ్లకు, మొలతాడు నల్లదా ఎర్రదా, తాయెత్తు ఏ చేతికి? మన దేశంలో దంతవైద్యుల దగ్గర రికార్డులుండడం తక్కువ, కానీ పెళ్లిలో పళ్లు కనబడేలా నవ్విన సెల్ఫీ ప్రతి ఫోనులోనూ ఉంటుంది. ముందు పళ్ల వంకర, విరుపు పోల్చడానికి అది పనికొస్తుంది, పాస్‌పోర్టు ఫొటో పనికిరాదు. ఇంకో చిన్న సంగతి: గుర్తింపు అధికారికంగా తేలేదాకా ‘ఎలా ఉండేవాడు’ అనకూడదు, ‘ఎలా ఉంటాడు’ అనే అడగాలి. ఒక్క క్రియాపదం జారితే అవతల తల్లి అక్కడితో మాట్లాడడం ఆపేస్తుంది.

కూలీల విషయంలో పేర్లే పెద్ద చిక్కు. ఆధార్‌లో ఒక పేరు, కాంట్రాక్టరు మస్టర్‌లో ఒకటి, గదిలో స్నేహితులు పిలిచేది ఇంకొకటి. భార్య ఫోన్లో ఒక పేరు చెబుతుంది, మేస్త్రీ ఇంకోటి రాయిస్తాడు, ఒకే మనిషి ఆచూకీ లేనివాళ్ల జాబితాలో మూడుసార్లు ఎక్కుతాడు. సంఖ్య పెరుగుతుంది, మర్నాడు తగ్గుతుంది, ‘దాస్తున్నారు’ అన్న గొడవ మొదలవుతుంది. తండ్రి పేరు, ఊరు, ఫోన్ నెంబరు మూడూ కలిపి చూసి జాబితా శుభ్రం చేసే మనిషి మొదటి రాత్రే కూర్చోవాలి. మృతుల జేబుల్లో మోగే ఫోన్లను సిబ్బంది ఎత్తకూడదు, స్విచ్ఛాఫ్ కూడా చేయకూడదు. తెరమీద కనబడిన నెంబరు రాసుకుని, శిక్షణ ఉన్నవాళ్ల చేత తిరిగి చేయించాలి.

డీఎన్ఏ గురించి జనంలో ఉన్న నమ్మకం ఎక్కువ, అవగాహన తక్కువ. నగరంలో రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబు, ఉప్పల్‌లో కేంద్రం నడిపే డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ఉన్నాయి. ల్యాబులకు కొదవ లేదు, తప్పులు నమూనా దగ్గర జరుగుతాయి. తల్లీ తండ్రీ ఇద్దరివీ దొరికితే అంతకంటే మంచిది లేదు. మృతుడి పిల్లలు, వాళ్ల తల్లి కలిపి ఇచ్చినా సరిపోతుంది. భార్య ఒక్కదాని నమూనా పనికిరాదు, ఆమెకు రక్తసంబంధం లేదు కదా. అన్నదమ్ములు మాత్రమే ఉంటే ఒకరితో సరిపెట్టకుండా ఇద్దరు ముగ్గురివి తీసుకోవాలి. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ సీసాలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం, లేదా నమూనాలు ఆరబెట్టి దాచే ఎఫ్‌టీఏ కార్డు మీద చుక్కలు, లేదా చెంప లోపల దూదిపుల్లతో రుద్దినది చాలు. బిహార్ నుంచి తల్లిదండ్రులు రైలెక్కి వచ్చేదాకా ఆగక్కరలేదు, అక్కడి జిల్లా ఆస్పత్రిలోనే తీయించి సీల్ వేయించి తెప్పించవచ్చు.

దేహం నుంచి తీసేటప్పుడు, కాలిపోయి ఉంటే కండ మీద ఆశ పెట్టుకోకుండా తొడ ఎముక ముక్క, దెబ్బతినని దవడ పన్ను తీయాలి. ఏదీ నిల్వకు వాడే ఫార్మలిన్ ద్రావణంలో వేయకూడదు, అది డీఎన్ఏను పాడుచేస్తుంది. దూరప్రయాణానికి దేహం పాడవకుండా ఎంబామింగ్ చేసేది కూడా ఫార్మలిన్‌తోనే కాబట్టి ముందు నమూనా, తర్వాతే ఎంబామింగ్. తొందరలో ఈ వరుస తారుమారవుతుంది. రక్తంతో వచ్చే ఫలితం ఎముకతో అదే వేగంతో రాదు. ఎముకను శుభ్రం చేయాలి, పొడి చేయాలి, అందులోని కాల్షియం వదిలించాలి. ‘48 గంటల్లో రిపోర్టు’ అని మైకు ముందు మాటిచ్చే పెద్దలు ల్యాబును ఒక్కసారి అడిగి మాటిస్తే బాగుంటుంది.

ఒకే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు పోతే? తల్లిదండ్రుల డీఎన్ఏతో ఇద్దరూ వాళ్ల కూతుళ్లే అని తేలుతుంది. ఎవరు పెద్దదో, ఎవరు చిన్నదో తేలదు. పళ్లు, ఎముకల పెరుగుదల చూసి వయసు అంచనా వేసే దంతవైద్యులు, ఫోరెన్సిక్ నిపుణులు అప్పుడే కావాలి. వాడుకున్న టూత్‌బ్రష్, దువ్వెన ఇంట్లో మిగిలి ఉంటే బంగారం లాంటివి, కాకపోతే బ్రష్ ఇంకెవరూ వాడలేదని నిర్ధారించుకోవాలి. ఇంకో సున్నితమైన విషయం: డీఎన్ఏలో తండ్రి తండ్రి కాదని బయటపడవచ్చు, పెంపకం సంగతి పిల్లలకే తెలియకపోవచ్చు. అందుకే తల్లిని విడిగా అడగాలి, రిపోర్టులో సరిపోయిందా లేదా అన్నంతవరకే కుటుంబానికి చెప్పాలి.

ఇక నెంబరు. ఘటనా స్థలంలో ఒకటి, అంబులెన్సులో ఒకటి, మార్చురీ రిజిస్టర్లో ఒకటి పడితే ఆ దేహం కథ అక్కడే తప్పుతుంది. ఎత్తిన చోటే ఒక్క నెంబరు ఇచ్చి, దేహానికి, బ్యాగుకు, ఫొటోకు, నమూనాకు, వస్తువుల సంచికి అదే వేయాలి. బ్యాగు మీద మాత్రమే వేస్తే బ్యాగు మార్చినప్పుడు పోతుంది, చేతికో కాలికో కట్టాలి. బాల్‌పెన్‌తో రాసిన చీటీ తడికి చెరిగిపోతుంది, తడవని ట్యాగు వాడాలి. నగలు తీసేటప్పుడు ఇద్దరి సమక్షంలో ‘పసుపురంగు లోహపు గొలుసు’ అనే రాయాలి, బంగారమని రాస్తే తర్వాత గిల్టని తేలినప్పుడు దొంగతనం మచ్చ అటెండరు మీద పడుతుంది.

తొందరపడాల్సిన అవసరం ఉందా? శవాలుంటే అంటువ్యాధులు వస్తాయన్న భయంతోనే సగం పొరపాట్లు జరుగుతాయి. ప్రమాదంలో గాయాలతో పోయినవారి దేహాల వల్ల అంటురోగాలు ప్రబలవని అంతర్జాతీయ రెడ్‌క్రాస్, ప్రపంచ ఆరోగ్య సంస్థల మార్గదర్శకాలు చెబుతున్నాయి. దేహాలను 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచితే చాలు. ఒక పెద్ద రిఫ్రిజిరేటెడ్ కంటైనర్‌లో 50 దాకా పడతాయి. అది దొరక్కపోతే డ్రై ఐస్, దేహానికి రోజుకు 10 కిలోలు, నేరుగా దేహం మీద పెట్టకుండా చుట్టూ అరమీటరు ఎత్తు గట్టులా పేర్చి. 50 దేహాలకు రోజుకు 500 కిలోలు. ఎవరిని అడగాలో, ఎంతకు ఇస్తారో రేటు కాంట్రాక్టు ముందే ఉండాలి. ఆ రాత్రి వెతకడం కుదరదు.

50 మంది పోయారనుకోండి. ఇంటికి ఏడెనిమిది మంది వస్తే మార్చురీ గేటు ముందు 350, 400 మంది. ఒక్కో కుటుంబంతో గంటన్నర అంటే 75 గంటల మాటలు. ఎనిమిది మంది కూర్చుంటే గానీ ఒక రోజులో పూర్తికాదు. ఇంత మందికి ఉస్మానియా ముందు గానీ పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రి ముందు గానీ ఫుట్‌పాత్ తప్ప చోటేదీ? హైదరాబాద్‌లో ఫంక్షన్ హాళ్లకు కరువా! మార్చురీకి కిలోమీటరులోపు ఒక హాలు తీసుకుంటే కూర్చోవడానికి, నమూనాలివ్వడానికి, విడిగా మాట్లాడడానికి గదులుంటాయి. టీవీ కట్టేయాలి. చెప్పడానికి ఏమీ లేకపోయినా నాలుగు గంటలకోసారి ఒక బాధ్యుడు వచ్చి ‘ఇంకా తేలలేదు, మళ్లీ ఆరింటికి వస్తాను’ అని చెప్పి, ఆరింటికి రావాలి. కబురు మొదట ఇంటివాళ్లకు, తర్వాతే మీడియాకు. పేర్లతో జాబితా ముందే అచ్చేసే పత్రికలు, మీ పత్రికతో సహా, ఈ ఒక్క వరుస పాటిస్తే చాలా ఇళ్లకు మేలు.

చావు కబురు ఇద్దరు కలిసి, కూర్చోబెట్టి, సూటిగా చెప్పాలి. ‘సీరియస్‌గా ఉంది, రండి’ అని పిలిపించి మార్చురీ ముందు దించే అలవాటు మానాలి. పెట్టె తెరిచి చూస్తామంటే కాదనకూడదు, అది వాళ్ల హక్కు. లోపల ఎలా ఉందో ముందు మాటల్లో చెప్పి, ఇంట్లో ఒకరు మొదట చూసి, ఆపై మిగతావాళ్లు తేల్చుకోవాలి. చెయ్యో పాదమో చెక్కుచెదరకుండా ఉంటే అది మాత్రం చూపించి పట్టుకోనివ్వడం చాలామందికి సరిపోతుంది. మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి ఏడిపించి ‘కౌన్సెలింగ్’ అనడం మేలు చేయదు, నిద్ర, తిండి, ఫోన్ ఛార్జింగ్, తోడు అప్పటికి కావలసినవి. నెల తర్వాత కూడా నిద్రపట్టనివాళ్లకు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రో, టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నెంబరో చూపాలి.

పేలుళ్లలో ఇంకో ప్రశ్న వస్తుంది, అడగడానికి అందరూ వెనకాడతారు. దేహం అప్పగించాక మరో భాగం దొరికితే చెప్పమంటారా, అన్నీ అయ్యాక ఒకేసారి చెప్పమంటారా, చెప్పకుండా ప్రభుత్వాన్నే గౌరవంగా అంత్యక్రియలు చేయమంటారా? పెద్దకర్మ కూడా అయిపోయాక పోలీసు ఫోన్ చేసి ‘ఇంకోటి దొరికింది, రండి’ అంటే ఆ ఇల్లు మళ్లీ మొదటికొస్తుంది. ఈ మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టించుకునే కాగితం మొదటి వారంలోనే తీసుకోవాలి, మనసు మార్చుకునే వీలుండాలి. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11న చనిపోయిన 2,753 మందిలో దాదాపు 1,100 మంది అవశేషాలు నేటికీ గుర్తింపు కాలేదు, అక్కడి ల్యాబు ఆ పని ఇంకా ఆపలేదు. 2024లో కొండచరియలు విరిగిపడిన కేరళ వయనాడ్‌లో గుర్తుతెలియని భాగాలను పుత్తుమలలో నెంబర్లు వేసి పూడ్చారు, డీఎన్ఏ తేలాక పేరు రాసుకునే వీలు అలా మిగిలింది.

ఆనవాలే దొరకనివాళ్ల ఇళ్లది మరీ నరకం. భారతీయ సాక్ష్య అధినియమం 111 సెక్షన్ ప్రకారం ఏడేళ్లు కబురు లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు. కానీ 2021 చమోలీ వరదల తర్వాత ఉత్తరాఖండ్‌లో, వయనాడ్ తర్వాత కేరళలో, విచారణ జరిపి, అభ్యంతరాలకు గడువిచ్చి ప్రత్యేక పద్ధతిలో మరణ ధ్రువీకరణ ఇచ్చారు. తెలంగాణ ఈ ఉత్తర్వు నమూనాను ముందే సిద్ధం చేసుకుంటే ప్రతి ఘటనకూ కొత్త జీవో కోసం ఎదురుచూడక్కరలేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, సొంతూళ్లో కాదు. బిహార్ వితంతువు సంగారెడ్డి జిల్లాకు రెండోసారి రానవసరం లేకుండా దేహంతోపాటే సర్టిఫికెట్ ఇవ్వాలి. రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిముకు 6 నెలల గడువుంది. ఈఎస్ఐ ఉన్న కార్మికుడు పనిలో ప్రమాదం వల్ల పోతే ఆధారపడినవారికి వేతనంలో 90 శాతం నెలనెలా వస్తుంది, పీఎఫ్ ఖాతా ఉంటే దానికి అనుబంధంగా బీమా ఉంటుంది. ఏటా 20 రూపాయలు కోసుకునే సురక్షా బీమా యోజన కింద 2 లక్షలు వస్తాయి, వీలైనంతవరకు 30 రోజుల్లోపే దరఖాస్తు చేయాలి. ఖాతాలో ఆ 20 రూపాయలు కట్ అవుతున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు, బ్యాంకు పాస్‌బుక్ చూసి చెప్పేది సహాయకుడే. ఎక్స్‌గ్రేషియా చెక్కు భార్య పేరా, తల్లి పేరా అన్న తగువు కూడా చెక్కు రాయకముందే తెలుసుకోవాలి.

ఈ పని చేసేవాళ్ల గురించి కూడా ఒక మాట. మార్చురీ అటెండర్లలో చాలామంది ఔట్‌సోర్సింగ్ మనుషులు. ఒక్క రాత్రిలో ముప్ఫై దేహాలు మోసినవాళ్లకు మర్నాడు మామూలు డ్యూటీ వేస్తారు. పన్నెండు గంటలు దాటకుండా షిఫ్టు, పిల్లల దేహాల దగ్గర మనుషులను మార్చడం, మృతుల ఉత్తరాలు, ఫోన్లలో ఫొటోలు అవసరానికి మించి చూడొద్దని చెప్పడం, వీటికి పైసా ఖర్చు లేదు.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మృతదేహాల నిర్వహణపై 2010లోనే మార్గదర్శకాలిచ్చింది. వాటిని హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి నాలుగు జిల్లాలకు కలిపి ఒక అధికారి చేతిలో పెట్టాలని కోరుతున్నాం. ఆయన కింద నర్సులు, సోషల్ వర్క్ చదివినవాళ్లు, దంతవైద్యులు, హిందీ, ఒడియా, ఉర్దూ వచ్చినవాళ్లు కలిపి అరవై మంది పేర్ల పట్టిక ఉండాలి. ఎవరి ఉద్యోగం వాళ్లదే, పిలిచినప్పుడు రావాలి. అయిదు రోజుల శిక్షణ, ఏడాదికి రెండు డ్రిల్లులు. ఫైర్ డ్రిల్లులో బొమ్మను స్ట్రెచర్ మీద ఎక్కించి అంబులెన్స్ తలుపు వేయగానే చప్పట్లు కొట్టి ముగిస్తున్నారు. ఈసారి ఆ అంబులెన్సును మార్చురీ దాకా పోనిచ్చి, అక్కడ పసుపు ఫారం నాలుగు భాషల్లో అచ్చయి ఉందో లేదో చూడండి.

— ఫోరెన్సిక్ వైద్యం, నర్సింగ్, సోషల్ వర్క్ రంగాల్లో పనిచేస్తున్న కొందరం, హైదరాబాద్